ఊఁ కొట్టని కూటం

సంతోషమ్మకు నోట్లో నాలుక లేదని పల్లెంతా అనుకునేది. గిద్దలూరు అవతల అడివంచు ఊరి నుంచి బేస్తవారిపేట దగ్గరి ఆ పల్లెకు కోడలిగా వచ్చిన రోజు నుంచి ఆమె గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు. కలుపుకు పిలిస్తే కలుపుకు, కోతకు పిలిస్తే కోతకు పోయేది. మొగుడు ఏబేలు దేనికో దానికి విసుక్కుంటే తల వంచుకుని సంగటి కెలుకుతూ కూర్చునేది. ఇలాంటి మనిషిని లోకం మహా మెచ్చుకుంటుంది. నీ కడుపులో ఏముందమ్మా అని అడిగే శ్రమ తప్పుతుంది కదా, మెచ్చుకోక ఏం చేస్తుంది?

ఆ తాలూకాలన్నీ అప్పట్లో మద్రాసు రాజధానిలో, కర్నూలు జిల్లా కింద ఉండేవి. పల్లెవాళ్లు తాతల నాడే యేసు నమ్మకంలో కలిశారు. ఆదివారం వస్తే మట్టిగోడల ప్రార్థన ఇంట్లో పాటలు, నెలకొక ఆదివారం ప్రభువు బల్ల. ఆ రోజు పాస్టరు రొట్టె విరిచి పళ్లెంలో పెడితే అది వరసగా చేతులు మారుతూ వచ్చేది. ఊళ్లో ఏ గడపా తొక్కే వీలు లేని, ఏ బావిలో చేదా వేసే వీలు లేని మనుషులకు, అందరితో పాటు ఒకే పళ్లెంలోంచి తీసుకుని తినడం అంటే ఏమిటో ఆ పల్లెలో పుట్టినవాళ్లకే తెలుస్తుంది. సంతోషమ్మ నెలంతా ఆ చిన్న ముక్క కోసం ఎదురు చూసేది. అది చేతిలో పడ్డప్పుడు తానూ ఒక మనిషినేనని ఆమెకు అనిపించేది. దాన్ని వెంటనే నోట్లో వేసుకోక కాసేపు గుప్పిట్లోనే ఉంచుకునేది.

ఆ పల్లెకు బుధవారం బుధవారం దయామణి వచ్చేది. మిషను బడిలో చదువుకుని, పల్లెలు తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే మనిషి. అందరూ ఆమెను బైబిలమ్మ అనేవాళ్లు. తెల్లచీర, నల్లగొడుగు, నెమ్మదైన మాట. ఆడవాళ్లకు నాలుగు అక్షరాలు నేర్పాలని ఒక మార్కాపురం పలక తెచ్చింది. పొద్దంతా నడుము వంచి పని చేసి వచ్చినవాళ్లకు అక్షరాలెక్కడ కంటికి ఆనుతాయి? 'అ' దిద్దేలోపే కునికిపాట్లు పడేవాళ్లు. దయామణి తెలివైంది. విసుక్కోలేదు. ఒకనాడు ఆ పలక తీసుకెళ్లి పాపమ్మ ఒళ్లో పెట్టింది.

"అక్షరాలు ఒద్దులే అక్కా. ఇది నీ ఒళ్లో ఉన్నంతసేపు నీ మనసులో ఏముందో చెప్పు. మేం ఇంటాం. ఎవరూ మధ్యలో మాట్లాడొద్దు. ఊఁ కూడా కొట్టొద్దు," అంది.

ఊఁ కొట్టొద్దన్నది అందరికన్నా పాపమ్మకే కష్టమైంది. పాపమ్మ సంతోషమ్మకు తోడికోడలు, ఏబేలు అన్న భార్య. పల్లెలో మాటకారి. ఆ ప్రాంతంలో ఊఁ కొట్టకుండా కథ వినడమంటే చెప్పేవాళ్ల మొహం మీద తలుపేసినట్లే. మొదటి వారాల్లో ఎవరు మాట్లాడినా పాపమ్మ నోట్లోంచి ఊఁ దానంతట అదే జారిపడేది. వెంటనే చెంగు నోటికడ్డం పెట్టుకునేది, అందరూ నవ్వేవాళ్లు.

"ఊఁ కొడితే ఆమె నీ ఊఁ కోసం చెప్తాది," అని దయామణి ఓపిగ్గా చెప్పింది. "కొట్టకపోతే తన కోసం చెప్పుకుంటాది. ఏం చెప్పినానో తనకే తెలుస్తాది."

ఈ మాట నిజమే. తరువాత ఏం జరిగినా ఈ మాట నిజం కాకుండా పోదు. అదే ఈ కథలో నాకు మండిపోయే సంగతి.

మెల్లగా కట్టుబాట్లు ఏర్పడ్డాయి. పలక ఎవరి ఒళ్లో ఉంటే వాళ్లదే మాట. అయిపోయాక దాని మీద ఏమీ రాసి లేకపోయినా తడిగుడ్డతో ఒకసారి తుడిచి పక్కామెకు ఇవ్వాలి. చివరికి ఎవరూ మాట్లాడకుండా, మొహాలు కనబడనంత చీకటి పడేదాకా కూర్చోవాలి. ఇక్కడ విన్నది గడప దాటకూడదు. చేనులో కూడా, తమలో తాము కూడా, ఆ మాట ఎత్తకూడదు. పుల్లపెట్టి గెలికినట్లు ఊళ్లో సంగతులన్నీ గెలికే ఆడవాళ్లు ఈ ఒక్క కట్టుబాటును మాత్రం నిష్ఠగా పాటించారు. వాళ్లకు అంతకు ముందు దాచుకోదగ్గది ఎవరూ ఇవ్వలేదు మరి.

సంతోషమ్మ చాన్నాళ్లు పలకను తీసుకుని, తుడిచి, పక్కకు ఇచ్చేసేది. ఎవరూ బలవంతం చేయలేదు. ఒకనాడు ఉన్నట్టుండి పుట్టింటి దగ్గర అడివిలో చెట్ల బంక ఏరడానికి పోయిన సంగతి చెప్పింది. ఇంకోనాడు తనకు వాన పడే ముందు ఎందుకో ఏడుపొస్తుందని చెప్పింది. ఎవరూ ఎందుకని అడగలేదు. అయ్యో అనలేదు. చెప్తూ ఉంటే ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడేది, పక్కన ఎవరో కూర్చుని మాట్లాడుతున్నట్లు. ఈమె ఎవరబ్బా, బాగానే మాట్లాడుతుందే అనుకునేది. మరుసటి బుధవారం కోసం కలుపు తీస్తూ మాటలు కూర్చుకునేది. అందరికన్నా బాగా వినేది దయామణి. తల ఒక పక్కకు వంచి, కళ్లు నేలకు దించి, ఒక్క పొల్లు పోనివ్వకుండా వినేది. తనను అంత శ్రద్ధగా విన్న మనిషి సంతోషమ్మకు పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరు లేరు.

ఆ శ్రద్ధను నమ్మే, ఒక బుధవారం పలక ఒళ్లో పెట్టుకుని ఆమె ఆ సంగతి చెప్పింది.

"మా ఆశీర్వాదం పాలు మానకముందే వానికి అమ్మవారు పోసినాది. కండ్లు పూడిపోయినాయి. వాండ్ల నాయన మార్కాపురం పలకల గనిలో ఉన్నాడు. పాస్టరయ్య వచ్చి మోకాళ్లూని ప్రార్థన చేసినాడు. నేనూ చేసినా. బిడ్డ పాలు పట్టలే. మిట్టమధ్యాన్నం పల్లెలో ఎవరూ లేనప్పుడు ఒక ఎర్రకోడి, కుంటిది, చెంగు కింద పెట్టుకోని పోలేరమ్మ రాయి కాడికి పోయినా. కోడి తెగినాక ఆ రాతి మీది పసుపు తెచ్చి బిడ్డ నుదుట పెట్టినా. మర్నాటికి బిడ్డ కండ్లు తెరిచినాడు."

పలకను ఒళ్లో సర్దుకుంది.

"ఎవరు తెరిపించినారో నాకు తెలవదు. యేసయ్యకూ చెప్పుకుంటి, ఆ తల్లికీ చెప్పుకుంటి. రొట్టె చేతికొచ్చినప్పుడల్లా అడుగుతా, నేను ఎవరి మనిషిని అని. పాపం చేసినానా అంటే, చేసినానని నోరు రాదు. బిడ్డ బతికినాడు గదా. మంచే చేసినానా అంటే అదీ అనలేను. తెలవదు. ఇన్నేండ్లయినా తెలవదు."

తుడిచి పలక పక్కామెకు ఇచ్చింది. ఆమె చెప్పినదంతా నిజమే కానీ ఒకటి వదిలేసింది. ఆ కోడి పాపమ్మది. ఆ ఆలోచనా పాపమ్మదే. బిడ్డను చూడవచ్చి, నిలబడి, గబగబా ఇంటికి పోయి గంప కింద నుంచి కోడిని తెచ్చి, "కుంటిదైతే ఏందిలే, తల్లి ఏమనుకోదు, పా," అని ముందు నడిచింది ఆమే. సంతోషమ్మ వెనకాడుతుంటే కత్తి లాక్కుని కోసిందీ ఆమే. ఆ మేలు సంతోషమ్మ ఎన్నడూ మరిచిపోలేదు. అయితే అది పాపమ్మ మాట, చెప్పాలనుకుంటే పాపమ్మ చెప్పుకోవాలి. అందుకని ఆమెను పక్కన పెట్టి, తనది మాత్రం చెప్పుకుంది. పలక తిరిగి తిరిగి తన ఒళ్లోకి వచ్చినప్పుడు పాపమ్మ మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది.

ఆ సాయంత్రం అందరూ మామూలు కన్నా ఎక్కువసేపు మాటల్లేకుండా కూర్చున్నారు. సంతోషమ్మ జీవితంలో అంత హాయి అంతకు ముందు లేదు, ఆ తరువాతా లేదు. తనను ఎవరూ తప్పు పట్టలేదు, ఎవరూ ఓదార్చలేదు. తెలవదు అన్నమాటను అందరూ కలిసి మోస్తున్నట్లు ఉంది. ఇంటికి పోతూ ఆమె కూనిరాగం తీసింది. ఏబేలు వింతగా చూశాడు.

కోతలు అయ్యాక కంభంలో మూణ్ణెల్లకొకసారి పెట్టే కూటం జరిగింది. చుట్టుపక్కల పల్లెల సంఘాలన్నీ అక్కడికి వచ్చేవి. సంతోషమ్మ పోవడం అదే మొదలు. పందిరి కింద ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. పల్లెల్లో జరిగిన పని గురించి చెప్పమని దయామణిని లేపారు. తమ బైబిలమ్మ అంతమంది ముందు నిలబడితే సంతోషమ్మకు గర్వంగా అనిపించి, పక్కనున్న పరాయి పల్లె ఆడమనిషితో, "మా కాడికే వస్తాది," అని చెప్పింది కూడా.

"నేను పోయే ఒక పల్లెలో ఒక సహోదరి ఉంది," అని దయామణి మొదలుపెట్టింది. బిడ్డకు అమ్మవారు సోకిందట. తండ్రి దూరాన గనిలో ఉన్నాడట. ఆమె నమ్మకం సడలిందట. సంతోషమ్మ ఆ సహోదరి మీద జాలిపడింది. నాలాంటిది ఇంకొకతె కూడా ఉందే, కలిస్తే బాగుండు అనుకుంది. అంత అమాయకంగా అనుకుంది. దయామణి కుంటి ఎర్రకోడి దగ్గరికి వచ్చేసరికి ఆమె వెన్ను నిగిడిపోయింది.

కథ అక్కడితో ఆగలేదు. ఆ సహోదరి ఒక సాయంత్రం దయామణి కాళ్ల మీద పడి వెక్కి వెక్కి ఏడ్చిందట. నేను పాపిని, ఆ రాతికి మొక్కిన చేతులివి అని నేలకేసి కొట్టుకుందట. ఇప్పుడు ఆమె ఆ పల్లెలోనే యేసు నమ్మకానికి గొప్ప సాక్షిగా ఉందట. ఆ కొడుకు కూడా ఇప్పుడు మార్కాపురం పలకల గనిలో పని చేస్తున్నాడట. పందిరంతా హల్లెలూయ అంది. సంతోషమ్మ పక్కనున్న పరాయి ఆడమనిషి కళ్లు తుడుచుకుంది. మగవాళ్ల వైపు నుంచి తమ సంఘపెద్ద యాకోబు మెల్లగా మెడ తిప్పి ఆమెను చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఆమె దయామణిని నిలబెట్టింది. జీవితంలో ఒక మనిషిని దారికడ్డం పడి నిలబెట్టడం ఆమెకు అదే.

"అమ్మగారూ, నేను ఏడ్చినానా?"

దయామణి గొడుగు మార్చి పట్టుకుంది. "నీ పేరు చెప్పలేదు గదా సంతోషమ్మా."

"పేరు సంగతి కాదు. నేను ఏడ్చినానా అని."

"ఏడ్చినట్లే గదా. నీ గొంతులో నాకు ఇనబడింది. అట్ల చెప్తే ఇంకో పదిమంది మారతారు. దేవుని పని కోసం చెప్పినా. నాకోసం కాదు."

దయామణి అబద్ధాలకోరు అని తేల్చేస్తే పని సుళువు. కాదు. తాను చెప్పింది ఆమె పూర్తిగా నమ్మింది, అంత శ్రద్ధగా విన్న మనిషి. విన్నదంతా విని, వినడమే తెలియని మనిషి. సంతోషమ్మ నోట వెళ్లిన మాటల్లో ఒక్కటంటే ఒక్కటే ఆమెకు ముఖ్యం. ఆ ఒక్కదాన్నే దయామణి ఏరి పారేసింది. కుంటి కోడిని కూడా మరిచిపోనిది, తెలవదు అన్నమాటను ఎట్లా మరిచిపోయింది? రహస్యం బయటపడిందన్న సిగ్గు ఆమెకు పెద్దగా లేదు. తనను కూర్చోబెట్టి, నోరు తెరిపించి, ఆ నోట్లో ఇంకెవరి ఏడుపో పెట్టారు. ఇంతకన్నా నోరు కట్టేసుకుని ఉన్ననాడే బాగున్నాను అనుకుంటూ నడిచింది.

ఆ పల్లె ఏదో ఆరా తీసి పరాయి పల్లెల పెద్దలు నవ్వారని యాకోబుకు తల కొట్టేసినట్లయింది. బల్ల ఆదివారం ప్రార్థన కాగానే, రొట్టె విరవక ముందు, విచారణ పెట్టాడు. ఆశీర్వాదం ఆ ఆదివారం గని నుంచి వచ్చి ఉన్నాడు. మచ్చల మొహంతో తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏబేలు నేల చూస్తున్నాడు.

యాకోబు ముందు బుధవారం ఆడవాళ్లను అడిగాడు. "ఈమె మీ ముందర ఈ మాట చెప్పినాదా లేదా?"

ఒక్కరూ నోరు విప్పలేదు. కూటంలో మాట గడప దాటకూడదు. వాళ్లకు ఉన్నది ఆ ఒక్క కట్టుబాటు. దాన్ని మీరకూడదని పెదవులు బిగించి కూర్చున్నారు. చెప్పలేదని ఒక్కతె బొంకినా సంతోషమ్మ ఆ గండం నుంచి బయటపడేది. వాళ్లకు ఆ ఆలోచనే రాలేదు.

"కాదనడం లేదంటే ఔననే గదా," అని యాకోబు తేల్చాడు.

పాస్టరు మెత్తని మనిషి. ఆయనకు ఈ గొడవ త్వరగా ముగిసి రొట్టె విరిస్తే చాలు. "సంతోషమ్మా, నువ్వు ఏడ్చి పాపం ఒప్పుకున్నావని దయామణమ్మ చెప్పనే చెప్పినాది. అదే మాట ఈడ ఒక్కసారి అను తల్లీ. నీకు బల్లకు అడ్డం ఉండదు."

అంతే. ఒక్కమాట. తల ఊపినా చాలు. పళ్లెం ఆమెకు కనబడుతూనే ఉంది, మీద తెల్లగుడ్డ కప్పి. సంతోషమ్మ తలుపు వైపు చూసింది. కొడుకు ఆమెనే చూస్తున్నాడు.

"నేను ఏడవలేదయ్యా," అంది.

"పోనీ, ఏడవలేదనుకో. పాపమని అను."

"తెలవదని చెప్పినా. ఆమె ఆ ఒక్కటీ వదిలిపెట్టి మిగతాదంతా చెప్పినాది. నేను ఇప్పుడైనా అదే చెప్తా. తెలవదు."

యాకోబు లేచి నిలబడ్డాడు. "మీ ఇంట్లో ఎన్నడూ కోళ్లు లేవే. ఆ కోడి యాడిది? ఎవరన్నా తోడొచ్చినారా, ఒక్కదానివే పోయినావా?"

సంతోషమ్మ పాపమ్మను చూడకూడదనే అనుకుంది. అయినా చూసింది. పాపమ్మ చీర అంచులో లేచిన పోగును చూపుడువేలికి చుట్టుకుంటోంది. తోడు నేనూ ఉన్నాను అని పాపమ్మ పెద్దమాట కూడా అనక్కర్లేదు. మాటకు ముందు ఊఁ జారిపడే నోరది. ఈ ఒక్కసారి, అందరి ముందూ, ఒక్క ఊఁ అంటే చాలు. ప్రార్థన ఇంట్లో అందరూ సంతోషమ్మ జవాబు కోసం చూస్తున్నారు, ఆమె పాపమ్మ కోసం చూస్తోంది. పోగు తెగింది. పాపమ్మ ఇంకో పోగు వెదుక్కుంది.

"ఒక్కదాన్నే పోయినా," అంది సంతోషమ్మ.

ఆమెను బల్ల నుంచి ఆపేశారు. పాస్టరు రొట్టె విరిచాడు. పళ్లెం వరసలో ఆమె పక్కకు వచ్చి, ఆమె మోకాళ్ల ముందు నుంచి అవతలి చేతుల్లోకి పోయింది. అవతలి చేతులు పాపమ్మవి. పాపమ్మ ఒక ముక్క తీసుకుని, కళ్లు మూసుకుని, నోట్లో వేసుకుంది.

ఆ తరువాత సంతోషమ్మ చాలా ఏళ్లు బతికింది. బల్ల ఆదివారం ప్రార్థన ఇంటి బయట అరుగు మీద కూర్చునేది, పాటలకు మాత్రం గొంతు కలిపేది. పాస్టర్లు మారారు. వచ్చిన ప్రతి కొత్తాయనా, ఆ ఒక్కమాట అనేయమ్మా అని అడిగాడు. ఆమె అనలేదు. దయామణిని వేరే పల్లెలకు మార్చారు. బుధవారం కూటం కొన్నాళ్లు నడిచింది కానీ ఆడవాళ్లందరికీ మోకాళ్ల నొప్పులు, వానలు తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. ఆ పలక ఎవరి ఇంట్లోనో మంచినీళ్ల కుండ మీద మూత అయింది.

అదంతా తరువాతి సంగతి. విచారణ జరిగిన ఆదివారం సాయంత్రమే, పొయ్యి రాజుకోక ముందు, పాపమ్మ గిన్నెలో చింతచిగురు పప్పు పట్టుకుని వచ్చింది. సంతోషమ్మ ఇంటి ముందు చేటలో జొన్నలు చెరుగుతోంది. పాపమ్మ గిన్నె గడప మీద పెట్టి, కూర్చుని, కింద రాలిన జొన్నలు నాలుగు ఏరి చేటలో వేసింది.

"నా మీద కోపంగా ఉండావు," అంది చివరికి. "నేనేం జేస్తునే? మన కట్టుబాటు అదేగదా. కూటంలో మాట బయట ఎత్తకూడదు. నేనొక్కదాన్నే కాదు, అందరం అందుకే ఊరుకుంటిమి."

సంతోషమ్మ చేట కింద పెట్టింది. ఆమెకు అరవాలని ఉంది. అరవడం చేతకాలేదు. మామూలు గొంతుతోనే అంది.

"వాండ్లు ఊరుకున్నందుకు నాకు కోపం లేదక్కా. వాండ్లు కూటంలో ఇన్న మాటను దాచినారు. నువ్వు తోడొచ్చిన మాట నేను కూటంలో చెప్పలే గదా. చెప్పని మాటకు కట్టుబాటు యాడిది?"

పాపమ్మ గిన్నెను గడప మీద కొంచెం ఇవతలికి జరిపింది. ఏదైనా అంటుందేమోనని సంతోషమ్మ ఎదురు చూసింది. తోడికోడళ్లిద్దరూ పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చున్నారు. వీధిలో పోయేవాళ్లకు పనీపాటా అయ్యాక చల్లగాలికి కూర్చున్న అక్కచెల్లెళ్లలా కనబడి ఉంటారు.

తరువాత సంతోషమ్మ లేచి, పప్పు తన చట్టిలోకి వంచుకుని, గిన్నె కడిగింది. ఇన్నేళ్లలో ఆ రెండిళ్ల మధ్య గిన్నె ఉత్తిది తిరిగి పోయింది లేదు. గుప్పెడు గింజలో, నాలుగు మిరపకాయలో, ఏమీ లేకపోతే ఒక ఉల్లిగడ్డో వేసి ఇవ్వడం వాడుక. పక్కన చేట నిండా జొన్నలు ఉన్నాయి. పాపమ్మ చూస్తూ ఉంది. సంతోషమ్మ గిన్నెలోని తడి దులిపి, ఉత్త గిన్నె ఆమె చేతిలో పెట్టింది.